గొట్టంలోంచి తీసిన దీపం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్ళందరూ అంటారు. ఉంటుంది, కాదనను. యాభై ఏళ్ళు సముద్రం మీద వేట చేసినవాణ్ణి తీసుకొచ్చి, గాజుతొట్టెలో ఆరు చేపల్ని పెట్టి వాటికి గుళికలు లెక్కపెట్టి వేసే ఇంట్లో కూర్చోబెడితే కోపం రాక ఏమొస్తుంది? అయితే ఆ ఆదివారం నేను చేసిన పని కోపంతో చేసింది కాదు. గొప్ప కోసం చేశాను. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను.

నా పేరు జగ్గయ్య. మాది పెదజాలరిపేట. మోకాళ్ళు పనికిరాకుండా పోయి, రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయి కళ్ళజోడు వచ్చాక, మా అమ్మాయి సూర్యకళ నన్ను సీతమ్మధారలో తన ఇంటికి తెచ్చుకుంది. అల్లుడు ఉమామహేష్ పోర్టులో క్రేను నడుపుతాడు. మంచివాడే, నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కాని ఏ వస్తువు కొన్నా దాంతో వచ్చిన కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివితే తప్ప స్విచ్చి వెయ్యడు. కొత్త కుక్కరు కొన్న రోజున అతను ఆ కాగితం ముగించేసరికి మేం ముగ్గురం బయటి నుంచి ఇడ్లీలు తెప్పించుకుని తినేశాం. ఆ మూడో మనిషి నా మనవరాలు సాయిదుర్గ, ఎనిమిదేళ్ళది. ఆ ఇంట్లో నా మాట వినేది అదొక్కతే.

చేపలు దానివే. ఆరు గోల్డ్ ఫిష్‌లు, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకుంది. తొట్టె హాల్లో కిటికీ పక్కన ఉంటుంది. ఎండ తగిలి వేసవి మొదట్లోనే నీళ్ళు పచ్చబడ్డాయి. సగం తీసి కొత్త నీళ్ళు పోస్తే రెండు రోజులు బాగుండేవి, మూడో రోజుకి మళ్ళీ గోంగూర ఉడికించిన నీళ్ళే. చివరికి చేపలు కనిపించడమే మానేశాయి. పిల్ల స్కూలు నుంచి రాగానే సంచీ కూడా దించకుండా అద్దానికి ముక్కు ఆనించి వెతుక్కునేది.

అల్లుడు మద్దిలపాలెంలో రంగుచేపలమ్మే షాపులో అడిగి ఒక యూవీ దీపం కొనుక్కొచ్చాడు. మూరెడు నల్ల గొట్టం, దాని లోపల గాజు తొడుగు, ఆ తొడుగులో సన్నని బల్బు. గొట్టానికి ఒక వైపు నీళ్ళు వచ్చే దారి, రెండో వైపు పోయే దారి. దాన్ని తొట్టె వెనకాల బిగించి, చిన్న పంపు తగిలించి, పంపు వేగాన్ని బాగా తగ్గించాడు. నాకు నవ్వొచ్చింది.

"ఇదేటి అల్లుడూ, దీపాన్ని గొట్టంలో దాసీసినావు? సేపలకి ఎలుగెలాగ కనిపిత్తాది?" అన్నాను.

"సేపలకి కనిపించకూడదు మావయ్యా. నీళ్ళకి మాత్రమే తగలాలి. నీళ్ళు ఆ బల్బు పక్కనుంచి నెమ్మదిగా ఎల్తంటే, అందులోని నాచు, రోగాల పురుగులు సచ్చిపోతాయి. స్పీడుగా తోసేస్తే ఏటీ సావదు."

"ఎన్నాళ్ళు పడతాది?"

"వారం, పదిరోజులు. మళ్ళీ ఏడాదికోసారి బల్బు మార్చాలి. ఎలుగుతున్నట్టే ఉంటాది గాని, పవరు పోద్ది. ఆ గాజు తొడుక్కి పాకుడు పట్టకుండా తుడుస్తుండాలి."

వెలుగుతున్న బల్బుని మార్చడమేమిటని నేను పడీ పడీ నవ్వాను. అతను నవ్వలేదు. "దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు. అన్నది పిల్లతోనే. కాని చూపు నా వైపు ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మీకు తెలుసో తెలీదో, మా కాలంలో చీకటి రోజుల్లో పడవ చివర పెట్రోమాక్స్ లైటు కట్టి నీటి మీదికి వేలాడదీసేవాళ్ళం. అరగంట తిరక్కుండా కవ్వళ్ళ చేపలు గుంపులు గుంపులుగా ఆ వెలుగు కిందికి వచ్చేసేవి. దీపమంటే నీటి మీద విప్పారి ఉండాలి. నాకు తెలిసిన దీపం అదే. మూసిపెట్టిన దీపం దేనికి పనికొస్తుందో నా బుర్రకి ఎక్కలేదు.

దీపం పెట్టిన మూడో రోజు ఆదివారం. అల్లుడి వాళ్ళ బంధువుల గృహప్రవేశమని సూర్యకళ, ఉమామహేష్ పొద్దున్నే పద్మనాభం వెళ్ళారు. పిల్లకి స్కూలువాళ్ళిచ్చిన బొమ్మలపని ఉందని నా దగ్గర వదిలారు. తొమ్మిదిన్నరకి అది బొమ్మలు పక్కన పడేసి తొట్టె దగ్గర నిలబడింది.

"తాతా, నా బంగారి కనిపించట్లేదు. నిన్న కూడా లేదు. సచ్చిపోయిందేటో."

"సావదే. అడుక్కెల్లి ఉంటాది."

"నువ్వు సూసావా?" అని దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చీకటి సముద్రంలో చేపని చూపించినవాణ్ణి, మూడడుగుల తొట్టెలో చూపించలేనా? వెళ్ళి ఆ నల్ల గొట్టం పట్టుకున్నాను. పంపు, దీపం ఆపి, మూత మరలు తిప్పితే బల్బు గాజు తొడుగుతో సహా ఊడి చేతిలోకి వచ్చేసింది. గొట్టం మీద పసుపుపచ్చ స్టిక్కరు ఉంది, ఇంగ్లీషులో ఏదో రాసి, పక్కన కంటి బొమ్మ. కంపెనీ గుర్తు అనుకున్నాను. తొట్టె మూత తీసి పక్కన పెట్టి, అడ్డంగా ఒక కర్ర వేసి, దానికి దీపాన్ని నీటికి జానెడు ఎత్తున వేలాడదీసి స్విచ్చి వేశాను.

ఊదారంగు వెలుగు నీళ్ళ మీద పరుచుకుంది. "ఓలమ్మో!" అంది సాయిదుర్గ. స్టూలు ఎక్కి కూర్చుని తొట్టెలోకి వంగింది. నేను పక్కన కుర్చీ వేసుకున్నాను. చేపలు పైకి రాలేదు సరికదా, రాయి వెనక మూలకి పోయి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సముద్రంలో చేపైతే దీపం దగ్గరికి వస్తుంది, ఇవి పారిపోతున్నాయేమిటని ఒక్క క్షణం అనుకున్నాను. కొన్న చేపలు కదా, సిగ్గు అనుకుని ఊరుకున్నాను. పిల్ల మాత్రం కళ్ళార్పకుండా వెతికి, మూలలో ఆరూ ఉన్నాయని లెక్క తేల్చి చప్పట్లు కొట్టింది. తర్వాత కూడా అక్కణ్ణుంచి కదల్లేదు. నేను తెప్ప కథలు చెప్తూ ఉంటే ఆ వెలుగు చూస్తూ గంటన్నర కూర్చుంది. ఆ ఇంటికి వచ్చాక నేను అంత సంతోషంగా ఉన్న రోజు లేదు.

పదకొండున్నరకి దీపం తీసి మళ్ళీ గొట్టంలో పెట్టి, అల్లుడు ఎలా బిగించాడో అలాగే బిగించాను. మూత పెట్టాను. అప్పుడు పిల్లని దగ్గరికి లాక్కుని చెప్పాను.

"మీ నాన్నకి సెప్పకే. సెప్తే నన్ను మళ్ళీ పేటకి పంపించీగలడు."

నవ్వుతూనే అన్నాను. అది నవ్వలేదు. తల అడ్డంగా ఊపి, "సెప్పను తాతా," అంది.

మూడింటికి వాళ్ళు తిరిగొచ్చారు. సూర్యకళ పిల్లని చూడగానే, "మొహమేటే ఇలా కందిపోయింది? ఎండలో ఆడావా?" అంది. నా ముంజేతులు కూడా కాస్త ఎర్రబడి చురచురలాడుతున్నాయి. వేసవి కదా అనుకున్నాను. అయిదింటికి పిల్ల కళ్ళు నులుముకోవడం మొదలుపెట్టింది. ఆరుకల్లా కళ్ళు తెరవలేకపోయింది. రెండు చేతులతో మొహం కప్పుకుని మంచం మీద దొర్లుతూ ఏడ్చింది.

"అమ్మా, కళ్ళల్లో ఇసకేసినట్టుందే! లైటు ఆపీవే! లైటు ఆపీ!"

ట్యూబులైటు ఆపేశారు. సూర్యకళ చల్లని నీళ్ళతో కడిగింది. సబ్బు పడిందా, కారం చేత్తో ముట్టుకుందా అని పదిసార్లు అడిగింది. పక్కింటావిడ కళ్ళకలక అంది. పై వాటాలో ఆవిడ ఆముదం చుక్క వెయ్యమంది. అల్లుడు ఎవరి మాటా వినకుండా ఫోను పట్టుకుని, ఆదివారం చూసే కంటి డాక్టరు కోసం వెతుకుతున్నాడు.

నేను మాత్రం ఇసక అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మా ఫిషింగ్ హార్బరులో వీర్రాజని వెల్డర్ ఉండేవాడు. బోటు ఇంజను కింద అతుకు పెడుతూ ఒకసారి నల్లద్దం లేకుండా పనిచేశాడు. మధ్యాహ్నం బాగానే ఉన్నాడు. సాయంత్రానికి కళ్ళల్లో ఇసక పోశార్రా బావా అంటూ వల కుప్ప మీద పడి ఏడ్చాడు. అది గుర్తుకొచ్చింది. వెంటనే నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నేను కూడా పక్కనే కూర్చున్నాను కదా. నా కళ్ళకి ఏమీ కాలేదే. అరవై ఎనిమిదేళ్ళవాడి ఆపరేషన్ కళ్ళకి కానిది, పిల్ల కళ్ళకి ఎందుకవుతుంది? దీపం కాదు, ఇంకేదో అయ్యుంటుంది. ఆటోలో వెళ్ళినంతసేపూ ఇదే పాట పాడుకున్నాను. పిల్ల నా ఒళ్ళో ఉంది. తండ్రి దగ్గరికి రమ్మంటే వెళ్ళలేదు.

డాక్టరు శ్రీసత్య గారిది మా ఇంటికి నాలుగు వీధుల అవతల. కింద క్లినిక్, పైన ఇల్లు. ఆదివారమైనా దిగి వచ్చింది. పిల్లకి ముందు ఒక చుక్క వేసింది, రెండు నిమిషాల్లో నొప్పి తగ్గి అది ఏడుపు ఆపింది. తర్వాత పసుపుపచ్చ రంగు మందు వేసి, నీలం లైటుతో రెండు కళ్ళూ చూసింది. చూసిన కొద్దీ ఆవిడ మొహం ముడుచుకుంది.

"రెండు కళ్ళ నల్లగుడ్డు పైపొర నిండా సన్నని చుక్కల్లా గాయాలున్నాయి. రెండిట్లోనూ ఒకేలా. వెల్డింగ్ ఏమైనా చూసిందా?"

"లేదండీ," అంది సూర్యకళ. "ఇంట్లోనే ఉంది, మా నాన్న దగ్గర."

"ఆసుపత్రుల్లో పురుగులు చావడానికి పెట్టే ఊదారంగు లైట్లుంటాయి. అలాంటివి?"

"మాకెక్కడివి మేడమ్!" అన్నాడు అల్లుడు. మరుక్షణం ఆగి, "సేపల తొట్టెకి యూవీ ఉంది. కాని అది గొట్టం లోపల బిగించి ఉంటాది. వచ్చాక కూడా సూశాను, పెట్టింది పెట్టినట్టే ఉంది," అన్నాడు.

అవును, పెట్టింది పెట్టినట్టే ఉంది. నేనే పెట్టాను.

డాక్టరు పిల్ల గడ్డం పట్టుకుని మెత్తగా అడిగింది. "చెప్పమ్మా, ఇవాళ ఏదైనా లైటు చూశావా? నాన్న తిట్టరులే."

సాయిదుర్గ కళ్ళు మూసుకునే ఉంది. "సూళ్ళేదు," అంది. అంటూ నా చూపుడువేలు పట్టుకుని గట్టిగా రెండుసార్లు నొక్కింది.

డాక్టరు వాళ్ళ వైపు తిరిగింది. "లైటు కాకపోతే నేను ఇన్ఫెక్షన్ అనుకోవాలి. రెండు కళ్ళకీ ఇంత తొందరగా పాకిందంటే ఇంటి దగ్గర ఉంచకూడదు. ఈ రాత్రికే పెద్దాసుపత్రిలో చేర్చండి. మత్తిచ్చి కంటి పైపొర కాస్త గీకి పరీక్షకి పంపుతారు. ఆలస్యమైతే చూపుకే ప్రమాదం." సూర్యకళ గోడకి ఆనుకుంది. ఉమామహేష్ చేతిలో ఫోను కిందపడింది.

నా వేలు ఇంకా ఆ పిల్ల పిడికిట్లోనే ఉంది. కళ్ళు అంతగా మండినా నా కోసం నోరు మూసుకుంది. నేను ఎనభై కిలోల మనిషిని, దాని వెనకాల దాక్కున్నాను. ఛీ, నా బతుకు!

"దీపం నానే తీసినాను," అన్నాను.

నేనే గబగబా చెప్పేశాను. ఎలా ఊడదీశాను, ఎంత ఎత్తున కట్టాను, ఎంతసేపు కూర్చున్నాం, మళ్ళీ ఎలా బిగించాను, అన్నీ. చివర్లో, "నాను కూడా పక్కనే ఉన్నానమ్మా డాక్టరమ్మా. నా కళ్ళకేటీ అవలేదు. అందుకే..." అన్నాను.

ఆవిడ నా మొహం కేసి చూసింది. "మీ కళ్ళజోడు ఆపేసింది తాతగారూ. ఆ వెలుగు ఆ అద్దాలని దాటి రాలేదు. తొట్టె అద్దాన్ని కూడా దాటదు, బల్బు తొడుగు గాజే వేరు. పాప పైనుంచి వంగి చూసింది. మీ చేతులు చూపించండి." ముంజేతులు చాపాను. ఎండకి కాలినట్టు ఎర్రగా ఉన్నాయి. "కనిపించే ఊదారంగుతో పెద్ద ఇబ్బంది లేదు. దాంతోపాటు కనిపించని వెలుగు వస్తుంది, పురుగుల్ని చంపేది అదే. కంటి పైపొరని కూడా అలాగే కాలుస్తుంది. అందుకే దాన్ని గొట్టంలో పెడతారు."

"చూపు?" అంది సూర్యకళ.

"ఆ పొర మామూలుగా రెండు రోజుల్లో మళ్ళీ వస్తుంది. లోపలికి వెళ్ళి ఉండదనే నమ్మకం. ఆసుపత్రి అక్కర్లేదు. కాని మంగళవారం పొద్దున్న చూస్తే గాని గట్టిగా చెప్పను." మందులు రాసి, చీకటిగదిలో కళ్ళు మూసి ఉంచమని చెప్పింది.

రోడ్డు మీదికి రాగానే సూర్యకళ నన్ను దులిపేసింది. "నీ గొప్పలు నీకు గాని, నా గుంట ఏటైపోతాదని లేదా? వచ్చిన కాణ్ణుంచీ సూత్తన్నావు గదా, ఏడుస్తుంటే సూత్తన్నావు గదా! అప్పుడైనా నోరు రాలేదేటి నీకు?" ప్రతి మాటా నిజమే.

సోమవారం అల్లుడు సెలవు పెట్టాడు. పిల్ల గది కిటికీలకి దుప్పట్లు కట్టాడు. గంట గంటకీ చుక్కలు వేశాడు. నేను గది బయట నేల మీద కూర్చున్నాను, లోపలికి వెళ్ళే మొహం లేదు. పిల్ల మూలిగినప్పుడల్లా లేచి తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మధ్యాహ్నం నా బట్టలు సంచిలో సర్దుకున్నాను. పేటలో మా అన్న కొడుకు ఇల్లుంది, ఒక మూల పడుకోనిస్తాడు. కాని మంగళవారం సంగతి తెలియకుండా ఎక్కడికి పోతాను? సంచి పక్కన పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.

సాయంత్రం ఉమామహేష్ వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"మావయ్యా, ముట్టుకోవద్దని సెప్పాను గాని ఎందుకు ముట్టుకోకూడదో సెప్పలేదు. కాగితంలో మొదటి లైనే అది. కళ్ళతో సూడొద్దని, ఊడదీసేముందు ప్లగ్గు పీకమని. నాను సదివి జేబులో పెట్టుకున్నాను," అన్నాడు.

"నువ్వు సెప్పినా నాను ఇనేవాణ్ణి కాదు అల్లుడూ," అన్నాను. అది కూడా నిజమే. అతను సంచి కేసి చూశాడు. దాన్ని తీసుకెళ్ళి నా మంచం కింద పెట్టేశాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మంగళవారం పొద్దున్న తొమ్మిదికి నలుగురం క్లినిక్‌లో ఉన్నాం. డాక్టరు పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, లైటు తగ్గించి, "మెల్లగా తెరువమ్మా," అంది. రెప్పలు వణికాయి. ఒకటి తెరుచుకుంది, తర్వాత రెండోది. ఎర్రగా, తడిగా ఉన్నాయి. గోడ మీద అక్షరాలు చదవమంది. సాయిదుర్గ పెద్దక్షరం చదివింది, దాని కిందిది చదివింది. ఆ కిందిది చదవడానికి ఆగింది. తర్వాత అదీ చదివింది. అట్టడుగు వరస దాకా చదివేసింది.

"బాగుంది. రెండూ బాగున్నాయి," అంది డాక్టరు. సూర్యకళ చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అల్లుడు మందుల చీటీ తీసుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళాడు, తల్లి కూడా మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. బయట బల్ల మీద నేను, పిల్ల మిగిలాం.

రెండు రోజుల తర్వాత అది నన్ను చూడడం అదే. నవ్వుతుందనుకున్నాను. మొహం తిప్పేసుకుంది.

"ఏటమ్మా? ఇంకా మండుతున్నాయా?"

"నువ్వు సెప్పొద్దన్నావు. నాను సెప్పలేదు. ఎంత మండినా సెప్పలేదు," అంది. "నువ్వే సెప్పీసినావు. ఇప్పుడు నిన్ను పేటకి పంపించీరా మరి?"

ఇదంతా అది రెండు రోజులు కళ్ళు మూసుకుని చీకట్లో మోసిందన్నమాట. కళ్ళు పోతాయన్న భయం కాదు, తాత పోతాడన్న భయం.

"పంపరే. నీకు సెప్పొద్దని సెప్పినాను సూడు, అదే నాను సేసిన పెద్ద తప్పు. దీపం తియ్యడం కంటే పెద్దది," అన్నాను.

అది నా కళ్ళజోడు కేసి చూస్తూ బాగా ఆలోచించింది.

"అయితే ఇంకోసారి ఏటైనా మండితే, సెప్పీనా?"

"సెప్పీ తల్లీ. ముందు నా పేరే సెప్పీ," అన్నాను.